టెస్టరుగారి టైమరు

వీధి చివర మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే ఆయన్ని అందరూ టెస్టరు అనేవారు. జేబులో ఎప్పుడూ టెస్టరు ఉంటుంది కాబట్టి అని కొత్తవాళ్ళు అనుకునేవారు. అదొక్కటే కాదు. కరెంటు పోయిందని వీధంతా చీకట్లో కూర్చుని మొత్తుకున్నా, ప్లగ్గులో పొడిచి చూసుకుంటే తప్ప నమ్మని మహానుభావుడాయన.

అలాంటివాడు ఏటేటా ఒక మనిషి కంటిచూపుకి తలవంచాల్సి రావడం ఘోరం కాదూ! దుకాణాలవాళ్ళు బొమ్మకార్ల పందెం పెట్టుకునేవారు. నాలుగు చెక్క కార్లను ఏటవాలు బల్ల మీద నాలుగు దారుల్లో వదులుతారు. ముందు కింద గీత దాటిందే గెలిచినట్టు. తీర్పు చెప్పేది టెస్టరు భార్యకి అన్నగారు, కుట్టుమిషన్ల దుకాణం ఆసామి. సోడాబుడ్డి కళ్ళద్దాలతో గీత దగ్గర గొంతుక్కూర్చుని చూసేవాడు. టెస్టరు కారు ప్రతి ఏడూ రెండోదే.

"వెంట్రుకవాసిలో పోయింది బావా!" అనేవాడు పాపం.

"ఎదురుగా వచ్చే బస్సు కనిపించదు గానీ వెంట్రుకవాసి కనిపించిందట!" అని టెస్టరు ఇంటికొచ్చి భార్య మీద విరుచుకుపడేవాడు. "మీ అన్నయ్యకి నేనంటే కుళ్ళు." ఆవిడ వినిపించుకోనట్టు గిన్నెలు సర్దుకునేది.

ఈసారి ఆయన పంతం పట్టాడు. దుకాణంలో మిక్సీలు కుప్పపడ్డాయి. ఆయన మాత్రం టైమరు కట్టే పనిలో మునిగాడు. గీత దగ్గర దారికో దీపం, దాని కింద నీడని పసిగట్టే బిళ్ళ. పైన మీట లాగగానే లెక్క మొదలు, కారు నీడ పడగానే ఆ దారి అంకె ఆగుతుంది. మొదట్లో అది సీలింగు ఫ్యాను నీడకే గెలుపు కట్టబెట్టింది. బిళ్ళలకి రేకు గొట్టాలు తొడిగాడు. ఆ తర్వాత వంక పెట్టడానికి ఆయనకే ఏమీ దొరకలేదు.

పందెం రోజు మైకు లాక్కుని, "యంత్రానికి బావలుండరు, బామ్మర్దులుండరు!" అని ప్రకటించాడు. ఎవరికీ అనుమానం ఉండకూడదని, దారులు మార్చి రెండోసారి కూడా నడపాలని నిబంధన పెట్టాడు. ఎంత ముందుచూపో!

మీట లాగారు. టెస్టరు కారు నాలుగోది.

"బిళ్ళ వదులైంది," అంటూ జేబులోంచి టెస్టరు తీసి పొడిచి చూశాడు. నిక్షేపంలా ఉంది. దారులు మార్చి మళ్ళీ వదిలారు. మళ్ళీ నాలుగోదే.

"యంత్రానికి బావలుండరు కదండీ," అని బేకరీ ఆయన మెల్లగా అందించాడు.

జనం వెళ్ళాక టెస్టరు వైర్లు చుట్టుకుంటుంటే భార్య పక్కకొచ్చింది.

"మీ కారు ఆఖరుదైనా రెండోదనే చెప్పమని అన్నయ్యకి నేనే చెప్పానండీ. క్యారమ్స్‌లో ఓడినప్పుడు వారం పాటు నాతో మాట్లాడలేదు మీరు. ఆ మౌనం నేను మళ్ళీ పడలేనన్నాను."

ఆయనకి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళ తిట్లు ఆవిడ గిన్నెలు సర్దుతూ మింగిందన్నమాట. బల్ల మరలు విప్పుతున్న బావ దగ్గరికి వెళ్ళాడు.

"ఎలాగూ అబద్ధమే కదా బావా, మొదటిదే ఇచ్చెయ్యకపోయావా?"

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"జనం నమ్మొద్దూ? నా కళ్ళు మరీ అంత పోలేదు బావా."