గోరు మీద పాలబొట్టు

మా అత్తగారిది గౌలిపురలో పాల ఇల్లు. వాకిట్లో నాలుగు బర్రెలు, చూరు కింద తవుడు బస్తాలు, తెల్లారితే గుమ్మం ముందు చెంబులు పట్టుకుని నిలబడే జనం. అలాంటి ఇంట్లోకి డబ్బాపాలు వస్తే నవ్వరూ? అందుకే మా అత్త ఆ డబ్బాను తవుడు బస్తా వెనక దాచింది.

డబ్బా రావడానికి కారణం నా రోగం. డెబ్బైల మొదట్లో సంగతి. నా బిడ్డకు పదో నెల నడుస్తోంది. పాకుతోంది, గోడ పట్టుకుని లేస్తోంది. ఆకలేస్తే మాత్రం నా దగ్గరికే రావాలి. అప్పుడు నాకు దగ్గులో రక్తం పడింది. సర్కారు దవాఖానలో ఛాతీ ఫొటో తీసి టీబీ అన్నారు.

"రోజూ సూది ఇస్తం. పిల్లకు నీ పాలు బంద్ చెయ్యి. దగ్గర పండబెట్టుకోకు," అంది డాక్టరమ్మ.

ఇంటికి రాగానే అత్త వేపాకు నూరి ఇచ్చింది. రొమ్ముకు రాసుకుని కూర్చున్నాను. బిడ్డ పాకుతూ వచ్చి నోరు పెట్టింది. ముఖం చిట్లించింది. నావైపు ఒకసారి చూసి మళ్లీ నోరు పెట్టింది. అంత చేదుకూ వదల్లేదు, మొండిది! అత్త వచ్చి దాన్ని లాక్కుని పోయింది. అది చేతులు చాపి ఏడుస్తుంటే నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను.

వాకిలికి అవతల గడ్డి వేసే గది ఉండేది. దాన్ని ఊడ్చి నాకు మంచం వేశారు. పాలు ఎండిపోవాలని మల్లెపూలు రొమ్ములకు కట్టుకున్నాను. పెళ్లినాడు కూడా అన్ని పూలు పెట్టుకుని ఎరగను. ఇటు వాకిట్లో బిడ్డ ఏడిస్తే చాలు, పాలు చేపుకొచ్చి పూలన్నీ తడిసిపోయేవి. ఏం బతుకమ్మా అది!

మొదట ఇంటి పాలే పట్టారు. బిడ్డకు పడలేదు, విరేచనాలు పట్టుకున్నాయి. మళ్లీ దవాఖానకు తీసుకుపోతే, కొన్నాళ్లు డబ్బాపాలు పట్టమన్నారు. మా ఆయన బస్సు డిపోలో పనిచేసేవాడు. డ్యూటీ దిగి వస్తూ డబ్బా, గాజు సీసా, రబ్బరు పీక తెచ్చాడు. అత్త లొల్లి పెట్టింది.

"పాల ఇంట్ల పుట్టినదానికి డబ్బపాలా? గల్లీల తలెత్తుకొని తిరగొద్దా నేను?"

"ఏం జెయ్యాలె అమ్మా? డాక్టరమ్మ చెప్పింది. దీంట్ల చెంచా ఉన్నది. చెంచా నిండ తలకొట్టి పొడి పొయ్యాలెనట, తక్కువ పొయ్యొద్దట."

"పాలు కలుపుడు నాకు నేర్పుతవారా?" అంది అత్త.

నిజమే, ఆమెకు ఎవరు నేర్పగలరు? అమ్మే పాలల్లో నీళ్లు కలపని పాల ఇల్లు మా గల్లీలో లేదు. అది తప్పని ఎవరూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. మా అత్త ఒక చేత్తో పాలగిన్నె ముట్టుకుంటే రెండో చెయ్యి దానంతటదే నీళ్ల చెంబు మీదకు పోయేది.

నన్ను చూస్తే ఏడుస్తుందని బిడ్డను ఇంట్లోపలే ఉంచేవారు. రోజూ గడ్డిగది గుమ్మంలోంచి అడిగేదాన్ని. "బిడ్డ తాగుతున్నదా అత్తా?"

"మస్తు తాగుతున్నది. సీసా వదుల్తలేదు."

అబద్ధం కాదు. సీసా మీద సీసా తాగేది, తాగి మళ్లీ ఏడ్చేది. నాకోసం ఏడుస్తోందనుకున్నాను. తర్వాత తర్వాత ఏడుపు తగ్గింది. "చూసినవా, నిన్ను మర్చిపోయింది. ఇగ ఫికర్ చెయ్యకు," అంది అత్త. బిడ్డ నన్ను మర్చిపోయిందని ఆ గదిలో ముఖం దాచుకుని ఏడ్చాను. పిచ్చిదాన్ని! ఏడవడానికి దానికి ఓపిక లేదని నాకు ఎవరు చెప్పాలి?

రెండు మూడు వారాలయ్యాక ఒక సాయంత్రం మా ఆయన గుమ్మం దగ్గరికి వస్తే అడిగాను. "కొత్త డబ్బ తెచ్చినవా?"

"ఎందుకే? పాతదే ఇంక సగం ఉన్నది."

సీసా మీద సీసా తాగే పిల్లకు ఒక్క డబ్బా ఇన్నాళ్లు ఎలా వస్తుంది? లేచి వాకిట్లోకి వచ్చాను. బిడ్డ తాగి వదిలేసిన సీసా గట్టు మీద ఉంది. పాల ఇంటి కోడలికి ఒక పరీక్ష తెలుసు. బొటనవేలి గోరు మీద బొట్టు వేస్తే మంచి పాలు నిలుస్తాయి, నీళ్లపాలు జారిపోతాయి. సీసా వంచి గోరు మీద వేసుకున్నాను. బొట్టు నిలవలేదు, మణికట్టు దాకా జారింది.

"అత్తా! పాలెట్ల కలుపుతున్నవ్?"

"ఏందే గా అరుసుడు? పొడి వేడి చేస్తది పిల్లా. నిప్పుల మీద ఎండబెట్టిన పాలాయె, పసిదాని కడుపుల మంట లెయ్యదా? అందుకే జెర పల్చగ పోస్తున్న."

ఆమె ముఖంలో కల్తీ లేదు. మనవరాలి కడుపు కాలకూడదనే పోసింది. ఆ మాటకు నాకు ఇంకా ఒళ్లు మండింది. డాక్టరమ్మ మాట పక్కన పెట్టి, కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని లోపలికి పోయి బిడ్డను ఎత్తుకున్నాను. దండచెయ్యి మీద తోలు వదులై వేలాడుతోంది. నడినెత్తిన గుంట పడింది. నన్ను చూసి ఏడవలేదు, నవ్వలేదు. తల నా రొమ్మువైపు తిప్పింది. మర్చిపోలేదు నా తల్లి. అప్పటికి నాకు పాలు చుక్క లేవు.

ఆ పూటే పిల్లల దవాఖానకు తీసుకుపోయారు. టీబీ మనిషినని నన్ను లోపలికి రానివ్వలేదు, గేటు దగ్గరే కూర్చున్నాను. మర్నాడు మా ఆయన దాన్ని తువ్వాలలో చుట్టుకుని బయటికి వచ్చాడు. ఆ నడకతోనే తెలిసిపోయింది.

గల్లీలో అందరూ ఒకటే మాట. "తల్లి రోగమే పిల్లను తిన్నది." నా ముందే అన్నారు. మా అత్త ఆ మాట విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది తప్ప, కాదనలేదు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారు చూశారా, అదీ న్యాయం! నేను అరిచి చెప్పాను, నీళ్లపాలు పోసి చంపిందని. దుఃఖంలో ఏదో అంటోందని నన్ను పట్టుకుని కూర్చోబెట్టారు.

సూదులు అయిపోయి, రోగం తగ్గి, నేను మళ్లీ వాకిట్లో పనికి వచ్చాను. ఒక పొద్దున పక్క గల్లీ ఆమె చంకన పిల్లాణ్ణి ఎత్తుకుని చెంబు పట్టుకుని వచ్చింది.

"ఈ నడుమ పాలు మస్తు చిక్కగుంటున్నయ్ అవ్వా. బర్రెను మార్చినవా ఏంది?"

"గవే బర్రెలు," అంది అత్త, తల ఎత్తకుండా.

"మా పోరడు కడుపునిండ తాగి మంచిగ పంటున్నడు. నీ కడుపు సల్లగుండ!"

అత్త చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత చెంబు నింపి, కొసరు కూడా పోసింది. ఆ మనిషి వెళ్లాక నేను గిన్నెలో వేలు ముంచి గోరు మీద బొట్టు వేసుకున్నాను. నిలబడింది. చెయ్యి వంచినా కదల్లేదు. చుట్టూ చూశాను, నీళ్ల చెంబు ఎక్కడా కనబడలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంది మా అత్త. తాను పోయేదాకా మళ్లీ నీళ్లు కలపలేదు, ఎందుకని నేనూ అడగలేదు. గల్లీలో పిల్లలంతా ఆ పాలే తాగి పెరిగారు.