అమల టీములో ఎవరి జాగా ఎవరిదీ కాదు

పురానాపూల్ దగ్గరి సర్కారు బడిలో అమల స్వీపరు, అదీ కాంట్రాక్టు మీద. పేరుకే స్వీపరు. వంటమ్మ రాకపోతే వంట చేస్తుంది, అటెండరు రాకపోతే గంట కొడుతుంది, డ్రిల్ సారు లేని లోటు కూడా తనే తీరుస్తుంది. డ్రిల్ సారు పోస్టు ఎప్పుడూ ఖాళీయే. ఇన్ని పనులకూ జీతం మాత్రం చీపురు లెక్కనే.

హాస్టల్లో చదువుకునే రోజుల్లో అమల బాస్కెట్‌బాల్ ఆడింది. అందరికంటే పొడుగని ఆమెను రింగు కింద పెట్టారు. బంతి పట్టుకో, పక్కదానికివ్వు, అక్కడే ఉండు. నేర్పిన విద్య అంతే. బంతి కొట్టుకుంటూ రెండడుగులు ముందుకేస్తే కోచ్ విజిల్ పగిలిపోయేది. పదో తరగతికొచ్చేసరికి మిగతా ఆడపిల్లలు కూడా ఆమెంత ఎదిగారు. సెలక్షన్లో, రింగు కింద ఆడే సెంటర్‌కి ఈ ఎత్తు చాలదు, ఇంకో పొజిషన్ ఈమెకు రాదు అని ఇంటికి పంపేశారు.

"ఎవరి జాగల వాళ్ళుండాలె అని మా తాతకు ఊర్ల చెప్పిన్రు. నాకు బంతి చేతికిచ్చి మరీ చెప్పిన్రు" అంటుంది ఇప్పటికీ, అదేదో నిన్న జరిగినట్టు.

అందుకే సాయంత్రాలు బస్తీ గ్రౌండులో ఆడపిల్లలకు ఆట నేర్పేటప్పుడు ఆమె ఎవరికీ జాగా ఇవ్వలేదు. పొట్టిది రింగు కింద పోట్లాడాలి, పొడుగుది బంతి తేవాలి, అందరూ అన్నీ చెయ్యాలి. ఇందులో పంతం సగమైతే మిగతా సగం నల్లా. బస్తీలో నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, అవి ఏ గంటకో లైన్‌మన్‌కే తెలియాలి. గల్లీలోంచి కేక వినబడగానే ఆట మధ్యలోంచి సగం మంది ఇళ్ళకు పరుగు. మగపిల్లలు క్యారంబోర్డు మీదనుంచి తలైనా ఎత్తరు. మిగిలిన వాళ్ళతోనే ఆట సాగాలి కాబట్టి ఏ పిల్లకైనా ఏ జాగా అయినా రాక తప్పదు.

ఆ గ్రౌండు మీద విశ్వేశ్వర్ కన్ను పడింది. ఆయన బస్తీ కమిటీ ప్రెసిడెంటు, పక్కనున్న ఫంక్షన్ హాలు ఓనరు. పెళ్ళికొచ్చే కార్లు పెట్టుకోను జాగా కావాలి. గేటు తాళంచెవి ఆయన మొలలోనే ఉంటుంది.

"మూసీ అవతలి క్లబ్బోళ్ళతోని ఆదివారం మ్యాచ్ పెట్టిస్తున్న అమలమ్మా" అన్నాడు నలుగురి ముందు. "గెలిస్తే తాళంచెవి నీకే. ఓడితే కార్లు పెడత. మళ్ళ లొల్లి చెయ్యొద్దు."

ఆదివారం క్లబ్బు పిల్లలు దిగారు. మెరిసే బూట్లు, తలెత్తి చూడాల్సినంత పొడుగు. అమల తన పిల్లలవైపు చూసుకుంది. తన టీములో కాస్త పొడుగంటూ ఉన్నది సోనీ ఒక్కతే. దాని భుజాలు పట్టుకుంది.

"సోనీ, ఇయ్యాల నువ్వు యాడికీ కదలకు. రింగు కిందనే నిలబడు. బంతి వర్షిత తెస్తది."

"గట్లయితే ఏడాదంత నన్నెందుకు ఉరికిచ్చినవ్ అక్కా?"

"ఎదురు మాట్లాడకు. నిలబడు."

సోనీ నిలబడింది. రింగు ముందరి గీతల లోపల మూడు సెకన్లు మించి నిలబడితే తప్పు. విజిల్. మళ్ళీ నిలబడింది, మళ్ళీ విజిల్. సగం ఆట అయ్యేసరికి క్లబ్బు ఎనిమిది పాయింట్లు ముందుంది.

"ఏందమ్మా, గా పొల్లను పార్కింగ్ చేసినవా?" అన్నాడు విశ్వేశ్వర్. గ్రౌండంతా నవ్వింది.

ఆట మళ్ళీ మొదలైందో లేదో గల్లీలోంచి కేక: "నల్లా వచ్చింది!" గోడ అవతలినుంచి సోనీ తల్లి కొమురమ్మ తల పైకి లేచింది.

"ఓ సోనీ! డ్రమ్ము ఖాళీగున్నది, రా!"

"కొమురమ్మక్కా, జర ఆగు! మ్యాచ్ నడుస్తున్నది!" అంది అమల.

"నేనాగుత. నల్లా ఆగుతదా?"

సోనీ తమ్ముడు బబ్లూ గోడమీద కూర్చుని చిప్స్ తింటున్నాడు. అమల వాడివైపు తిరిగింది. "అరేయ్, నువ్వు పోరాదురా?"

"నీళ్ళు పట్టుడు నాకు రాదక్కా" అన్నాడు వాడు, ప్యాకెట్‌లోంచి కన్ను తియ్యకుండా.

విజిల్ పడగానే సోనీ చెయ్యెత్తి బయటికొచ్చింది. వస్తూ వస్తూ బబ్లూను చొక్కా పట్టి కిందికి లాగి, ఈడ్చుకుపోయింది. దాని బదులు తనూజ దిగింది. ఇప్పుడు నిలబెడదామన్నా పొడుగుపిల్ల లేదు. అమల నోరు మూసుకుంది.

ఆమె నోరు మూసుకోగానే పిల్లలు రోజూ ఆడే ఆట ఆడారు. అందరికంటే పొట్టి వర్షిత రింగు కిందికి దూరింది, అంతలోనే బయటికి ఉరికింది. దాన్ని కాపు కాయాల్సిన క్లబ్బు పొడుగుపిల్ల వెంట పడలేక ఆయాసపడింది. రింగు కింద ఖాళీ అయిన చోట తనూజ బంతి వేసింది. ఆ తర్వాత వర్షిత, ఆపైన మిగతావాళ్ళూ వేశారు. చివరి నిమిషానికి క్లబ్బు ముందున్నది ఒక్క పాయింటే.

అప్పుడు వచ్చింది సోనీ, మోకాళ్ళ దాకా తడిసి.

"డ్రమ్ము?" అంది అమల.

"బబ్లూగాని చేతికి పైపిచ్చిన. నేర్చుకుంటడు తియ్."

సోనీ లోపలికి దిగింది. క్లబ్బు వాళ్ళు వేసిన బంతి తప్పి, సోనీ చేతికి చిక్కింది. వాళ్ళ రింగు గ్రౌండుకు ఆ చివర ఉంది. వర్షితకిచ్చి నిలబడు అనే మాట అమల నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి అరిచింది.

"ఉరుకు!"

సోనీ బంతి కొట్టుకుంటూ, చెప్పుల్లేని తడి కాళ్ళతో, గ్రౌండు ఈ చివరినుంచి ఆ చివరికి ఉరికింది. చిన్నప్పుడు అమలను వెయ్యనివ్వని అడుగులన్నీ వేసింది. బంతి రింగు అంచుమీద ఒక చుట్టు తిరిగి లోపల పడింది. దాంతోపాటే ఆఖరి విజిల్.

విశ్వేశ్వర్ మొలలోంచి తాళంచెవి తీశాడు. నలుగురి ముందు అన్న మాట, నలుగురూ అక్కడే ఉన్నారు.

"సరే తీస్కో. గ్రౌండ్ ఊడ్చుడు గిట్ల నువ్వే చూస్కోవాలె మరి. నీకు అలవాటే గద."

అమల తాళంచెవి కొంగున ముడేసుకుంది. గేటు మూలనున్న చీపురు తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"అందరికి అన్ని రావాలె అన్నా, మా టీంల గదే రూలు. ఇయ్యాల నువ్వు మొదలువెట్టు."

విశ్వేశ్వర్ చీపురును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాకు రాదు" అన్నాడు.

"బబ్లూ గూడ గట్లనే అన్నడు" అంది సోనీ, తడి పైజామా అంచులు పిండుకుంటూ.