మూడో శుక్రవారం వచ్చిన అభ్యంతరం

2018. సౌదీలోని రాబిగ్‌లో వారమంతా నేను వాల్వుల మరమ్మతులు చూసే సూపర్‌వైజర్‌ని, శుక్రవారం పొద్దున మాత్రం పాస్టర్‌ని. గౌను, గంట, సిలువ ఏవీ లేవు. మా ఇంటి హాల్లో తలుపులు వేసుకుని, గొంతు తగ్గించి పాడుకునే తెలుగు లూథరన్లకు నేనే పెద్దను. పుస్తకం చూసి ప్రార్థన చేస్తామని కొత్త సంఘాలవాళ్లు మమ్మల్ని ఎగతాళి చేసేవారు. చేయనీ. మా తాత చదివిన వరుసలోనే నేనూ చదువుతున్నానంటే నాకు కడుపు నిండినట్టుండేది.

ఒకప్పుడు హాలు చాలక వంటింట్లో కూడా కూర్చునేవారు. తర్వాత లేవీ వచ్చింది. లేవీ అంటే ఇక్కడ పెట్టుకున్న భార్యాపిల్లలకు తలకింత అని కట్టే రుసుము. ఒక్కో కుటుంబమే ఇంటిదారి పట్టింది. నా భార్యాపిల్లలూ వెళ్లారు. మిగిలిన కుర్రాళ్లు హుషారైన పాటలున్న కూటాలకు మళ్లారు. ఊళ్లో మా పాత చర్చిలోనూ బెంచీలు ఖాళీ అవుతున్నాయని విని, ఇక మా కాలం అయిపోయిందనుకున్నాను. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చేది.

అప్పుడే సుధాకర్‌కి పెళ్లి కుదిరింది. అతను ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీలో వెల్డింగ్ ఫోర్‌మన్. మా పద్ధతిలో పెళ్లికి ముందు బాన్స్ చదవాలి. అంటే, ఫలానా ఇద్దరికి పెళ్లి నిశ్చయమైంది, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి అని వరుసగా మూడు వారాలు సంఘం ముందు ప్రకటించడం. వరుడున్న చోట కూడా చదివి ఉత్తరం పంపమని వధువు ఊరి పాస్టర్‌గారు అడిగారు. మొదటి రెండు శుక్రవారాలు వినడానికి ఒక కుటుంబం ఉంది. మూడో వారం మధ్యలో వాళ్లూ ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే మళ్లీ రానక్కర్లేకుండా, వెళ్లిపోయారు.

మూడోసారి ఎవరికి చదవాలి? గోడకు చదివి సంతకం పెట్టడానికి మనసొప్పలేదు. "నిన్ను బాగా ఎరిగినవాళ్లను తీసుకురా" అన్నాను సుధాకర్‌తో. అతను తన రూమ్మేట్లిద్దరినీ తెచ్చాడు. ఒకరు అదే కంపెనీలో పైపులు బిగించే జగిత్యాల మల్లేశం, ప్రతి మంగళవారం ఆంజనేయుడికి ఉపవాసముండే మనిషి. ఇంకొకరు కడప యూసుఫ్, డ్రైవరు. జుమా నమాజుకు పోవాలి, తొందరగా కానివ్వమన్నాడు. ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని బుద్ధిగా కూర్చున్నారు.

చదివాను. ఇరవై ఏళ్లుగా బాన్స్ చదువుతున్నా అభ్యంతరం చెప్పినవాళ్లు లేరు. అందరి ధ్యాసా పెళ్లి బిర్యానీ మీదే. నేనూ అలవాటు కొద్దీ ఆఖరి మాట అంటూనే పుస్తకం మూసేశాను.

"ఉన్నది సార్," అన్నాడు మల్లేశం.

నేను నవ్వాననుకుంటాను. అతను నవ్వలేదు.

"మా కంపెనీ రెడ్ల వడ్డది సార్. ఈయన ఇకామా మళ్ల చేస్తలేరు. ఫైనల్ ఎగ్జిట్ మీద పోతుండు. ఆ పిల్లకేమో సెలవు మీద వస్తున్న, నౌకరి పక్కా అని చెప్పిండు. గిది చెప్పకుంట లగ్గం ఎట్ల చేస్తరు?"

నితాకత్ నియమం ప్రకారం సౌదీ పౌరులను తగినంతమందిని పెట్టుకోని కంపెనీ రెడ్ జాబితాలో పడుతుంది. ఆ కంపెనీవాళ్ల ఇకామాలు, అంటే నివాస పత్రాలు, రెన్యూ కావు.

సుధాకర్ మొహం మాడిపోయింది. "రూములో మాటలు ఇక్కడ చెప్తావేంట్రా?"

"సారు అడిగిండు గద. అడిగితె చెప్పద్దా?"

"రేపు తెలిసేదే కదప్పా. ఈపొద్దే చెప్పేసేయ్," అన్నాడు యూసుఫ్.

నాకు సిగ్గేసింది. వారం వారం ఎలా ఉన్నావని అడిగితే సుధాకర్ "ప్రభువు కృప అయ్యగారూ" అనేవాడు, నేను దాంతో సరిపెట్టుకునేవాణ్ణి.

సుధాకర్ అక్కడే ఫోన్ చేశాడు. యూసుఫ్ ఫోను అందుకుని, స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టాడు. వధువు కరుణ స్కూల్లో టీచరు. అతను చెప్పిందంతా వింది.

"ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవచ్చండీ. అబద్ధం చెప్పారు చూడండి, అదే బాధగా ఉంది," అంది. "నాన్నకి మీరే చెప్పుకోండి. నేను మాత్రం మాట మార్చను." మళ్లీ తనే అడిగింది: "ఇంతకీ అభ్యంతరం చెప్పిందెవరండీ? ఇక్కడ మూడు వారాలూ చర్చి నిండా జనం విన్నారు. ఒక్కరూ నోరు మెదపలేదు. ఆయన్ని పెళ్లికి పిలవండి."

పెళ్లి నెల ఆలస్యమైంది. కరుణ తండ్రి కోపం దిగడానికి అంత పట్టింది.

అప్పటిదాకా నేను శుక్రవారం శుక్రవారం తలలు లెక్కపెట్టుకుని కుమిలిపోయేవాణ్ణి. ఆ దిగులు ఇప్పుడు లేదు. మనిషి మేలు కోరి, అతనికి రుచించని నిజాన్ని అతని ముందే చెప్పేవాళ్లు ఇద్దరుంటే మా పెద్దలు బాన్స్ పెట్టిన పని నెరవేరినట్టే. హాలు నిండా జనమున్నప్పుడు నేను ఆ పని చేయించలేకపోయాను.

పంపాల్సిన ఉత్తరం నమూనాలో ఒక గడి ఉంటుంది: అభ్యంతరం తెలిపినవారు ఏ సంఘ సభ్యులు? ఇన్నేళ్లూ దాని మీద గీత కొట్టేవాణ్ణి. ఈసారి మల్లేశాన్నే అడిగాను, ఏమని రాయమంటావయ్యా అని.

"నాకేం ఎర్క సార్? మీ ఇంట్లనే గద కూసున్న."

'రాబిగ్ సంఘం' అని రాసి సంతకం పెట్టాను.