కనెక్షన్ లేని కంప్యూటరు చెప్పిన ఊరు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. మా ఇంట్లో ఆదివారం చర్చి, మిగతా రోజులు పని. నేను చదివింది కంప్యూటరు కోర్సు. లోపల పెట్టిందే బయటికి వస్తుంది, పెట్టనిది రాదు. అట్లా నమ్మినదాన్నే ఇప్పుడు ఇది రాస్తున్నాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

బళ్ళారిలో మైనింగు ఊపు మీదున్న రోజులవి. కప్పగల్లు నుంచి రోజూ బస్సులో వచ్చి, ఖనిజం లారీలు తిప్పే ఒక సావుకారి ఆఫీసులో పని చేసేదాన్ని. అక్కడ నేనొక చిన్న ప్రోగ్రాం రాశాను. లారీ నంబరు కొడితే అది డేటాబేస్‌ను అడిగి, డ్రైవరెవరో, లారీ చివరగా ఏ ఊళ్లో ఉందో ఒక వరసలో చూపిస్తుంది. అంతే.

సావుకారి సంగతి చెప్పాలి. ఒకే నంబరు ప్లేటు మీద రెండు లారీలు తిప్పేవాడు. ఆ రోజుల్లో చాలామంది చేసిన పనే. ఒకదానికి పన్నూ పర్మిటూ ఉండేవి, రెండోదానికి ఏమీ లేవు. ఆ రెండోదాన్ని నడిపేది మా చిన్నాయన యోహాను.

ఒకసారి చిన్నాయన ఖనిజం వేసుకుని పోయి, రెండు రోజులైనా ఇంటికి రాలేదు. చిన్నమ్మ ఏడుస్తూ ఆఫీసుకు వచ్చింది. సావుకారి కుర్చీలోంచి లేవలేదు. కిటికీలోంచి మొదటి లారీని చూపించాడు.

"బండి ఈడే ఉండాది, నంబరు చూసుకో. నీ మొగుడు యాడ తాగి పడిండాడో నన్నడుగుతావేంది? నడువు, నడువు!"

నా రక్తం ఉడికిపోయింది. రెండో లారీ ఉందని ఒప్పుకుంటే కేసవుతుందని మనిషిని గాలికి వదిలేశాడు, పాపిష్టోడు. పోలీసులు కూడా ఆ నంబరే చూసి, లారీ ఇక్కడే ఉంది కదమ్మా అని చిన్నమ్మను పంపేశారట.

ఆ పొద్దునే ఆఫీసుకు కొత్త కంప్యూటరు వచ్చింది. పాతదాన్ని, అందులోని డేటాబేస్‌తో సహా, సావుకారి తన ఇంటికి మోయించేశాడు. కొత్తదాంట్లో నా ప్రోగ్రాం ఒక్కటే ఎక్కించాను. అది అడగడానికి డేటాబేస్ లేదు, బయటినుంచి ఒక్క వైరూ లేదు. నంబరు కొడితే కనెక్షన్ లేదని రావాలి. ఇందులో ఏమీ దొరకదు చూడు చిన్నమ్మా అని చెప్పడానికే కొట్టాను.

వరస వచ్చింది. లారీ నంబరు, యోహాను, దేశనూరు, ఆ రోజు తేదీ.

దేశనూరు సిరుగుప్ప వైపు వరి పండే ఊరు. ఖనిజం లారీకి అక్కడేం పని? మళ్లీ కొట్టాను. మళ్లీ అదే వచ్చింది.

సావుకారి వచ్చి చూశాడు. ముఖం మాడిపోయింది.

"ఏందే ఇది? ఎవురు రాయమన్నారే నిన్ను?" అంటూ కరెంటు వైరు పీకేశాడు.

నువ్వు మనిషివేనా అని అరిచి, చిన్నమ్మ చెయ్యి పట్టుకుని బయటపడ్డాను. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఇద్దరం వెతుక్కుంటూ పోతే, దేశనూరు దాటాక, కాలువ గట్టు కింద జమ్ములో లారీ బోర్లా పడి ఉంది. కేబిన్‌లో కాళ్లు ఇరుక్కుని చిన్నాయన. ఊపిరి ఉంది. పొలాల్లో పనిచేసేవాళ్లు గడ్డపారలతో రేకు విరిచి బయటికి లాగారు. ఇంకొక్క రాత్రి గడిస్తే దక్కేవాడు కాదని డాక్టరు అన్నాడు.

ఆసుపత్రిలో మాట రాగానే చిన్నాయన అడిగింది ఒకటే.

"చెక్‌పోస్టు తప్పించుకోను నేనే ఆ దావ పట్టినా. సావుకారికీ చెప్పలే, మీ చిన్నమ్మకీ చెప్పలే. నీకెట్ల తెలిసె పాపా? నా ఎనకాల ఎవుర్ని పెట్టినావు?"

జరిగింది జరిగినట్టు చెప్పాను. నమ్మలేదు. చిన్నమ్మ ఒట్టు పెట్టినా నమ్మలేదు. లారీ పడిపోవడంలో కూడా నా చెయ్యి ఉందని చుట్టాలందరికీ చెప్పుకున్నాడు.

ఇప్పటికీ చర్చిలో నన్ను చూస్తే ముఖం తిప్పుకుంటాడు. కోపం వస్తుంది, ఏడుపూ వస్తుంది. ఎట్లా తెలిసిందో ఒక్క మాట చెప్పగలిగితే మా చిన్నాయన నాకు మళ్లీ దక్కుతాడు. కానీ ఏమని చెప్పను? నాకే తెలీదు.