చంకలో తువ్వాల

పోయిన బుధవారం పొద్దున క్లినిక్‌లో ఒకావిడకు పన్ను తీయబోతుండగా బోధన్ నుంచి ఫోన్ వచ్చింది. కాక పోయాడని. కాక నాకు చుట్టం కాదు, గోల్ఫ్ నేర్పిన మనిషి. ఆ ఒక్క మాట ఆయన బతికుండగా నలుగురిలో చెప్పలేకపోయాను. అందుకే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

నిజామాబాద్‌లో నేను పళ్ల డాక్టరును. నాలుగేళ్ల కింద కాక పన్నునొప్పితో వచ్చాడు. దవడ వాచిపోయి ఉంది, అయినా చూపంతా మూలకు పెట్టిన నా గోల్ఫ్ కర్ర మీదే. లేచి వెళ్లి దాన్ని పట్టుకున్నాడు. ఆయన వేళ్లు వాటంతటవే వాటి చోట్లలో కూర్చున్నాయి. ఒకప్పుడు చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసర్లు ఆడుకునే మైదానాన్ని చూసుకునేవాడట. అక్కడ పచ్చిక ఎక్కడిది? బంతి పడాల్సిన గుంట చుట్టూ నూనె కలిపిన ఇసుకే. ఆట అయ్యాక చెక్క పలకతో ఆ ఇసుకను సాపు చేసి, అందరూ వెళ్లిపోయాక తానూ నాలుగు బంతులు కొట్టుకునేవాడు.

అప్పటికి నా ఆట ఒకరోజు బంగారం, మర్నాడు మట్టి. ఆదివారాలు బోధన్ బయట ఖాళీ జాగాలో కాక నాకు నేర్పడం మొదలుపెట్టాడు. కాళ్లు వంకర పోకుండా ముందు ఒక చెరుకు గడ పరిచేవాడు.

"సారూ, నువ్వు బంతిని కొడ్తలేవు, చెరుకు నరుకుతున్నవ్" అని నవ్వేవాడు.

భుజం మీది తువ్వాల తీసి నా చంకలో పెట్టేవాడు. మోచేయి ఒంటిని వదిలిందంటే తువ్వాల కింద పడేది. దులిపి మళ్లీ పెట్టేవాడు. "ఒక్కపారి మంచిగ కొట్టుడు ఎవనికైనా అయితది. పదిపార్లు గట్లనే కొట్టాలె" అనేవాడు. ఒకరోజు విసుగొచ్చి కర్ర విసిరికొట్టాను. నిదానంగా వెళ్లి తెచ్చి, పిడి తుడిచి నా చేతికిచ్చాడు.

"గుస్స దిగినంక కొడ్దాం తియ్యి."

ఆయనకు ఒకటే కోరిక ఉండేది. "జిందగీల ఒక్కపారి పచ్చగడ్డి మీద ఆట సూడాలె సారూ." కిందటి చలికాలం హైదరాబాద్ తీసుకెళ్లాను. ఉతికిన ధోతి, భుజం మీద కొత్త తువ్వాల. క్లబ్బులో నా తోటి ఆటగాళ్లు ఈయనెవరని అడిగారు. మాట నోటిదాకా వచ్చింది. ఆ ధోతిని చూశాను, వాళ్ల బూట్లు చూశాను.

"బ్యాగు మోయడానికి తెచ్చుకున్నాను" అన్నాను.

కాక విన్నాడు. బ్యాగు భుజానికెత్తుకున్నాడు. డెబ్బై దాటిన మనిషి, పద్దెనిమిది గుంటల ఆటంతా మోశాడు. ఆ కొత్త తువ్వాలతో నా బంతులు తుడిచాడు. ఆ రోజు నా దెబ్బ ఒక్కటీ తప్పలేదు. ఎక్కడ నేర్చుకున్నావని వాళ్లు అడిగితే వీడియోలు చూసి అన్నాను. రెండో అబద్ధానికి నోరు తడబడను కూడా లేదు.

తిరిగొస్తుంటే కారులో కాకే మాట్లాడాడు. "ఇయ్యాల కొట్టేటప్పుడు నీ తలకాయ పైకి లేవలే సారూ. గట్లనే ఉంచు."

ఆ తర్వాత నేను బోధన్ వెళ్లలేదు. పేషెంట్లు ఎక్కువయ్యారని ఫోన్‌లో చెప్పేవాణ్ణి. అసలు సంగతి మొహం చెల్లకపోవడం.

మొన్న వాళ్లింటికి పోతే ఆయన భార్య నన్ను గుర్తుపట్టింది. "పండ్ల డాక్టర్ సారు నువ్వేనా? పట్నంల గంత పెద్దోళ్ల ముందల ఈయననే నా గురువు అన్నవంట గద! ఇంటికొచ్చి ఎంత సంబురపడ్డడో. గా ముచ్చట మా వాడకట్టుల సెప్పని మనిషి లేడు."

నేను తల వంచుకున్నాను. కాదమ్మా అనాలి. నా పరువు కాపాడటానికి ఆయన ఆడిన అబద్ధాన్ని ఆమె ముందు విరగ్గొట్టే ధైర్యం లేకపోయింది. నా కళ్లు చూసి ఆమె దండెం మీది తువ్వాల తీసి ఇచ్చింది. "తుడుసుకో సారూ. ఆయనదే."

దానితో తుడుచుకోవడానికి చెయ్యి రాలేదు. నాకు తెలియకుండానే చంకలో పెట్టుకున్నాను. లేచేదాకా, అది జారకుండా మోచేయి ఒంటికి ఆనించుకుని అలాగే కూర్చున్నాను.