గోడ మీద నా చోటు

మా యూనివర్సిటీ క్రీడాభవనంలోకి అడుగుపెట్టగానే ఎడమ చేతివైపు ఒక పొడవాటి గోడ కనిపిస్తుంది. యూనివర్సిటీ తరఫున ఆడి పేరు తెచ్చినవాళ్లు, వాళ్లకు ఆట నేర్పిన కోచ్‌లు ఫొటోలై ఆ గోడ మీద వరసగా ఉంటారు. తెడ్లు పట్టుకున్న పడవ పందెగాళ్లు, మోకాళ్లకు కట్లు కట్టుకున్న హాకీ అమ్మాయిలు, పతకాన్ని పళ్ల మధ్య పెట్టుకుని నవ్వే ఈతగాడు. ఒక రగ్బీ కోచ్ కూడా ఉన్నాడు. ఆయన హయాంలో జట్టు ఏమైనా గెలిచిందా అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. ఫొటో కింద మాత్రం ‘జట్టుకు స్ఫూర్తి’ అని ఉంటుంది. ఆ పక్కన ఆయన కుక్క ఫొటో ఉంది. ప్రాక్టీసు జరిగేటప్పుడు మైదానం చుట్టూ పరిగెత్తేదట. దాని కింద కూడా రెండు వాక్యాలు రాశారు.

భుజాన రాకెట్ల సంచీతో ఆ గోడ ముందునుంచి నేను ఏళ్ల తరబడి నడిచాను. కుక్కకు దొరికిన చోటు నాకు దొరకలేదు. ఈ మాట ఆవేశంలో అనడం లేదు. తీరిగ్గా ఆలోచించే అంటున్నాను.

నా ఉద్యోగం సివిల్ ఇంజనీరింగ్ పాఠాలు చెప్పడం. బాడ్మింటన్ జట్టుకు శిక్షణ ఇవ్వడం నా ఇష్టంతో నెత్తికెత్తుకున్న పని. గుంటూరులో చదువుకునే రోజుల్లో నేను కాలేజీ జట్టుకు ఆడాను. ఆస్ట్రేలియాకొచ్చి, ఇక్కడివాళ్లు బాడ్మింటన్‌ను పిక్నిక్ ఆటలా ఆడుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. మాకు ఇచ్చింది వెనకవైపు హాలు. అక్కడ ఏసీ గాలి సరిగ్గా కోర్టు మీదకే కొట్టేది. గట్టిగా కొట్టిన షటిల్ కూడా దారి మధ్యలో మనసు మార్చుకున్నట్టు పక్కకు పోయేది. ఉత్తరాలు రాశాను. ‘ఇంతవరకూ ఎవరూ ఫిర్యాదు చేయలేదే’ అని జవాబొచ్చింది. ఎవరూ చేయలేదు కాబట్టే నేను చేస్తున్నానని మళ్లీ రాశాను. చివరికి ఒక రోజు ఎవరో నిచ్చెనెక్కి ఆ గాలిగొట్టానికి అట్టముక్క అడ్డంపెట్టి అంటించి వెళ్లారు. మా ఆట బాగుపడింది ఆ అట్టముక్కతోనే. దాని సంగతీ ఏ గోడ మీదా లేదు.

ఏటా అన్ని ఆటల కోచ్‌లకు కలిపి బార్బీ, అంటే నిప్పుల మీద మాంసం కాల్చే విందు, పెడతారు. నేను మాంసం తినను. మొదటి ఏడాది ఆ సంగతి చెబితే, రొట్టెలో వేయించిన ఉల్లిపాయలు పెట్టిచ్చారు. రెండో ఏడాదీ అదే. ఆ తర్వాత నన్ను చూడగానే పడవ పందేల కోచ్ ‘అదిగో మన ఉల్లిపాయ’ అనడం మొదలుపెట్టాడు. నవ్వాను. మర్చిపోలేదు.

ఇక ఆ అమ్మాయి సంగతి చెప్పాలి. మేముండే గిరావీన్ పేటలో మా వెనక వీధి తెలుగువాళ్ల పిల్ల. అమ్మానాన్నలిద్దరూ డాక్టర్లు. ఇక్కడే పుట్టింది. తెలుగు అంతా అర్థమవుతుంది, నోరు తెరిస్తే మాత్రం ఇంగ్లీషే వస్తుంది. యూనివర్సిటీలో చేరిన మొదటి వారమే మా హాలుకొచ్చింది. కాళ్లలో మెరుపుంది, బ్యాక్‌హ్యాండ్ మాత్రం వంకర. ఆ వంకర తీయడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఒక ఏడాది పోటీలకు ముందు ప్రాక్టీసులో దాని చీలమండ బెణికింది. నొప్పిగా ఉందా అని అడిగాను.

“ఐయామ్ ఫైన్ అంకుల్.”

“కాలు కింద పెట్టి నుంచో.”

“ఐ సెడ్ ఐయామ్ ఫైన్!”

నేను దాని ముఖం చూశాను, మాట వినలేదు. పోటీల నుంచి పేరు తీసేశాను. కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. వాళ్లమ్మ ఫోన్ చేసి, “ఏంటండీ ఇది, పిల్ల బాగానే ఉన్నానంటోంది కదా!” అని కోప్పడింది. స్కాన్‌లో దెబ్బ బయటపడ్డాక ఆవిడే మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి గొంతు తగ్గించి మాట్లాడింది. మరుసటి ఏడాది దేశంలోని యూనివర్సిటీలన్నీ ఆడే పోటీల్లో ఆ పిల్ల సింగిల్స్ గెలిచింది. మా బాడ్మింటన్‌కు అలాంటి గెలుపు అదే మొదటిది.

అప్పుడు గోడకు కొత్త వరస వేస్తున్నారని కబురొచ్చింది. క్రీడావిభాగం డైరెక్టరు ఒకప్పటి వాటర్‌పోలో క్రీడాకారిణి. మీటింగులకు కూడా నిక్కరుతోనే వస్తుంది. ఒక మధ్యాహ్నం కాఫీ కప్పుతో మా హాలుకు వచ్చింది.

“ఆ అమ్మాయి ఫొటో పెడుతున్నాం. కోచ్‌గా నీదీ పెడదామనుకుంటున్నాం. సరేనా, మేట్?”

నేను ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్న ప్రశ్న అది. కానీ నా నోరు, నన్ను అడక్కుండానే, పెద్దలు నేర్పిన జవాబు చెప్పేసింది.

“అయ్యో, నాకెందుకు? నాకంటే గొప్పవాళ్లు ఎంతమంది లేరు!”

“ఓకే. నో వరీస్,” అని ఆవిడ కాఫీ తాగుతూ వెళ్లిపోయింది.

నేను చేతిలో షటిల్‌తో అలాగే నిలబడ్డాను. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరుగుతుందనుకున్నాను. తిరగలేదు. మా ఇళ్లలో వడ్డించేవాళ్లు రెండోసారి గారెలు తెస్తే, విస్తరి మీద చెయ్యి అడ్డంపెట్టి ‘చాలు, చాలు’ అంటాం. గారెలు వద్దని కాదు. ఆ చెయ్యి పక్కకు తోసి వేస్తేనే వడ్డించిన మర్యాద, తోయించుకుంటేనే తిన్నవాడి మర్యాద. ‘చాలు’ అనగానే గిన్నె పట్టుకుని పక్క విస్తరికి పోయేవాళ్లను నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆస్ట్రేలియాలోనే చూశాను.

ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పాను.

“కావాలి అంటే పోయేదిగా?”

“అడగ్గానే కావాలంటే ఏమనుకుంటారు?”

“కావాలనుకుంటారు. ఇంకేమనుకుంటారు?” అని పప్పు గిలకొడుతూ అంది. “మొన్న మా ఆఫీసులో ప్రమోషన్ కావాలా అని అడిగితే నేను అవునన్నాను. ఎవరూ స్పృహ తప్పి పడిపోలేదండీ.”

వాళ్లు మళ్లీ అడుగుతారని వారాల తరబడి ఎదురుచూశాను. చివరికి ఉండబట్టలేక, నా పేరు ఎత్తకుండా, గోడ మీద బాడ్మింటన్ కోచ్‌లకు చోటు లేకపోవడం అన్యాయమని ఒక మెయిల్ పంపాను. జవాబు చాలా మర్యాదగా వచ్చింది. ‘మిమ్మల్ని అడిగాం, మీరు వినయంగా వద్దన్నారు. మీ కోరికను గౌరవించాం. మీ సహాయక కోచ్ సంతోషంగా ఒప్పుకున్నారు.’

సహాయక కోచ్ అంటే ఎడ్మండ్‌సన్ పార్క్ అనే పేటలో ఉండే ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు. శనివారాలు వచ్చి పిల్లలచేత ఒళ్లు వంచే కసరత్తులు చేయించి, ఫొటోలు తీసి, ఫేస్‌బుక్‌లో పెట్టి వెళ్లిపోతాడు. మంచివాడే. ఆ పిల్ల బ్యాక్‌హ్యాండ్ వంకర అని కనీసం గమనించినవాడు కాదు. ఫోన్ చేశాను.

“అన్నా, మీరే వద్దన్నరట గద!” అన్నాడు, నేను నోరు తెరవకముందే. “నేను గూడ డైరెక్టర్ మేడమ్‌ను అడిగిన, అన్న నిజంగ వద్దన్నడా అని. హండ్రెడ్ పర్సెంట్ నో అన్నడు అన్నది. ఇగ నన్ను అడిగితె యెస్ అన్న.”

“ఒక్కసారన్నా వద్దనలేదా?”

“ఎందుకంట అన్నా? ఫొటో బాగొస్తది గద.”

ఆ వారం ఆ అమ్మాయి ప్రాక్టీసు అయ్యాక బూట్ల తాళ్లు విప్పుకుంటూ అడిగింది.

“అంకుల్, డిడ్ యూ యాక్చువల్లీ సే నో?”

“మొదటిసారి అడిగితే ఎవరైనా వద్దనే అంటారమ్మా.”

“నో వన్ డస్ దట్, అంకుల్. లిటరల్లీ నో వన్.”

“చీలమండ వాచినప్పుడు నువ్వు ఫైన్ అన్నావు. నేను నమ్మానా?”

విప్పిన బూటును సంచీలో పెట్టబోయి మళ్లీ కాలికే తొడుక్కుంది.

కొత్త ఫొటోల ఆవిష్కరణ ఒక శుక్రవారం మధ్యాహ్నం జరిగింది. వెళ్లకూడదనుకున్నాను. వెళ్లకపోతే అలిగాననుకుంటారు, అలిగిన సంగతి నిజమే అయినా వాళ్లకు తెలియడం నాకిష్టం లేదు. మా ఆవిడతో కలిసి వెళ్లి వెనకవరసలో నిలబడ్డాను. గోడకు నీలం గుడ్డ కప్పారు. పిల్ల తల్లిదండ్రులు, కుర్రాడి భార్య, ఇండియా నుంచి వచ్చిన అతని అత్తమామలు, ఇంకా గిరావీన్ వాళ్లు కొందరు వచ్చారు. గుడ్డ తీశారు. పిల్ల ఫొటో నిజంగా బాగుంది, గాల్లో ఉంది. దాని పక్కన కుర్రాడు చేతులు కట్టుకుని, మీసం దువ్వుకుని నవ్వుతున్నాడు. అతని అత్తగారు పమిట చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

పిల్ల చేతికి మైకు ఇచ్చారు. అమ్మకూ నాన్నకూ, ఫిజియోకూ కృతజ్ఞతలు చెప్పింది. తర్వాత ఇంగ్లీషులోనే ఇలా అంది. “నా కోచ్ అంకుల్ ఈ గోడ మీద ఉండనన్నారట. నమ్మకండి. నేను బాగానే ఉన్నానన్నప్పుడు ఆయన నమ్మలేదు. నమ్మి ఉంటే నేను ఈ రోజు ఇక్కడ ఉండేదాన్ని కాదు. ఆయన్ను మళ్లీ అడగండి.”

అందరూ వెనక్కి తిరిగారు. డైరెక్టరు మైకు తీసుకుని, “అలాగా? అయితే ఇప్పుడే అడుగుతున్నా. గోడ మీద నీ ఫొటో కావాలా, వద్దా?” అంది.

రెండోసారి అడిగింది! మా లెక్కలో రెండోసారి కూడా వద్దనాలి, మూడోసారికి మెత్తబడాలి. ఆ వద్దు నాలుక చివర సిద్ధంగా ఉంది. పక్కన మా ఆవిడ నా వైపు చూడలేదు, గట్టిగా ఊపిరి మాత్రం తీసింది. గిరావీన్ వాళ్లందరూ నా నోటివైపే చూస్తున్నారు. ముందు నిలబడ్డ ఆ పిల్ల కూడా చూస్తోంది, మ్యాచ్ పాయింటు దగ్గర షటిల్ వైపు చూసినట్టు.

“కావాలి,” అన్నాను. “యెస్. నాకు కావాలి.”

గొంతు కాస్త పెద్దదే అయింది.

“బ్యూటీ!” అంది డైరెక్టరు, భలే అన్నట్టు. “ముందే చెప్పి ఉండొచ్చుగా!” చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత అందరూ విందుకు పెట్టిన సాసేజీల వైపు వెళ్లిపోయారు. అంతే. నన్ను ఒక్కరూ ఆశపోతనుకోలేదు, సిగ్గులేనివాడనుకోలేదు. ఇన్నేళ్లు నేను కష్టపడి మోసిన వినయాన్ని ఈ దేశంలో ఎవరూ గమనించనే లేదని అప్పుడర్థమైంది. అది నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

నా ఫొటో పెట్టారు. కింది వరసలో, మంటలార్పే ఎర్ర సిలిండరు పక్కన. పైకి జరపమని రాశాను, జవాబు కోసం చూస్తున్నాను. పేరులో అక్షరాలు మాత్రం సరిగ్గానే ఉన్నాయి.

తర్వాతి ఆదివారం గిరావీన్‌లో కూరగాయల కొట్టుకు వెళ్లాను. అక్కడ మాకంటే ముందు తరం పెద్ద డాక్టరు ఒకాయన గోంగూర కట్టలు తిరగేస్తున్నాడు. మాలో అందరికీ అంకులే. నన్ను చూసి కొట్టంతా వినబడేలా నవ్వాడు.

“ఏమయ్యా, నలుగురిలో నిలబడి అడిగి మరీ వేయించుకున్నావట కదా, ఫొటో!”

కొట్టులో మనవాళ్లు అటు తిరిగారు. ‘అబ్బే, నేనెక్కడ అడిగానండీ, వాళ్లే బలవంతం చేశారు’ అనాల్సిన చోటు అది. ఆయన దానికోసమే ఆగాడు. అందరూ దానికోసమే ఆగారు.

“అవును అంకుల్. కావాలని అడిగాను, వేశారు,” అన్నాను.

ఆయన చేతిలోని గోంగూర కట్ట చేతిలోనే ఉండిపోయింది. మన మాటల్లో దానికి బదులు లేదు. నేను బీరకాయలు ఏరుకుని, తూకం వేయించుకుని ఇంటికొచ్చాను.