కింది చెయ్యి

హైదరాబాద్ ఛత్రినాకలో సులోచనను ఎరగనివాళ్లు ఉండొచ్చు గానీ, ఆమె దయ్యాలను ఎరగనివాళ్లు లేరు. పొద్దంతా మగ్గం వర్క్ కార్ఖానాలో చీరల మీద డిజైన్లు అచ్చు వేస్తుంది. సందు దొరికితే చాలు, ఫోన్లో కథలు వినిపించే ఒక యాప్‌కి దయ్యాల సీరియల్ రాస్తుంది. పదో తరగతి చదివినదానికి ఇన్ని దయ్యాలు ఎక్కడివమ్మా అంటే, "మా గల్లీల రెండు దినాలు తిరుగు, నువ్వే ఏరుకుంటవ్" అంటుంది.

ఆమెకో పద్ధతి ఉంది. రాసిన ప్రతి భాగాన్నీ ముందు కార్ఖానాలో చదువుతుంది. మగ్గం చుట్టూ కూర్చున్న ఆరుగురు ఆడవాళ్లు నిమ్మకు నీరెత్తినట్టు కుట్టుకుంటూ వింటారు. బాగుందని అనరు, బాగాలేదనీ అనరు. సూదులు ఆగితే కథ నిలిచినట్టు, ఆగకపోతే కాగితం చింపి మళ్లీ రాయడమే. అట్లా నలభై భాగాలు గట్టెక్కాయి.

సీరియల్లో నాయిక నీలవేణిది కూడా మగ్గం పనే. పాడుబడ్డ హవేలీ బావిలో ఆడవాళ్ల గొంతులు మింగే పిశాచి ఉంది, నీలవేణి దాని వెంట పడింది. జనం చెవులప్పగించి వింటున్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడన్నట్టు, ఆఖరి భాగం దగ్గర ప్రొడ్యూసర్ సోమశేఖర్ అడ్డం పడ్డాడు. బెజవాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, మాట మెత్తన, పట్టు గట్టి.

"ఆఖర్లో ఇన్‌స్పెక్టర్ వచ్చి ఆ అమ్మాయిని కాపాడాలండీ. శుక్రవారంలోగా పంపండి. లేదంటే వేరేవాళ్ల చేత రాయించుకుంటాం" అన్నాడు.

సులోచనకు ఒళ్లు మండింది. నలభై భాగాలు కొట్లాడింది నీలవేణి, జీపు దిగి పేరు కొట్టేసేది ఎవడో ఇన్‌స్పెక్టరా? అయినా పళ్లు బిగబట్టుకుని రాసింది. రాయకపోతే నీలవేణి పరాయివాళ్ల పాలవుతుంది మరి.

గురువారం పొద్దున ఆ ముగింపు చదివింది. సూదులు టకటకా నడుస్తూనే ఉన్నాయి. తుపాకీ పేలినచోట అందరికంటే చిన్నది మాన్య కిసుక్కున నవ్వింది.

"దయ్యానికి తుపాకీ ఏంది అక్కా?"

"నాకెర్కనే" అంటూ సులోచన ఇంకో కాగితం తీసింది. ఇది తన సొంత ముగింపు. నీలవేణి చెయ్యెత్తి పిశాచి నోట్లో సూది దించుతుంది. సులోచన గొంతు పెంచి, కళ్లు పెద్దవి చేసి చదివింది. ఒక్క సూదీ ఆగలేదు. చెప్పొద్దూ, ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

ముప్పై ఏళ్లుగా మగ్గం ముందే ఉన్న సక్కుబాయి, చీర మీంచి చూపు తిప్పకుండా నోరు విప్పింది.

"నువ్వు పైన అచ్చు ఏస్తవ్ బిడ్డా. గందుకే నీకు పై చెయ్యే కనవడ్డది. గా సూదిని దయ్యం గూడ చూస్తది. దారం అందిచ్చేది బట్ట కింద చెయ్యి గద."

సులోచన వంగి మగ్గం కిందికి చూసింది. పైన కుడిచేతులు ఉత్త సూదిని దించుతుంటే, కింద ఎడమచేతులు తడుముకుంటూ దాని కొక్కేనికి దారం తగిలిస్తున్నాయి. పదేళ్లుగా ఈ గదిలోనే ఉండి ఒక్కనాడూ వంగి చూడనందుకు సిగ్గేసింది. అక్కడే గోడకు ఆనుకుని రాయడం మొదలుపెట్టింది.

అన్నం డబ్బాలు తెరవకముందే చదివింది. నీలవేణి చేతిలో సూది చూసి పిశాచి నవ్వుతుంది. "దారం లేని సూది నన్నేం జేస్తది?" అంటుంది. ఆ సూది దాని పెదవిలో దిగుతుంది. బావి నీళ్లలో మునిగి ఉన్న ఆమె ఎడమచెయ్యి కిందనుంచి దారం అందిస్తుంది. ఇన్‌స్పెక్టర్ జీపు దిగేసరికి పిశాచి నోరు కుట్టేసి, నీలవేణి పళ్లతో దారం తెంపుతూ ఉంటుంది.

ఆరు సూదులూ ఆగాయి. సక్కుబాయిది కూడా.

మర్నాడు సోమశేఖర్ ఫోన్ చేశాడు.

"ఇన్‌స్పెక్టర్ ఏం చేశాడండీ ఇందులో?"

"వచ్చిండు గద సార్. టార్చిలైటు పట్టుకున్నడు."

సోమశేఖర్ గొంతు తగ్గించాడు. "రాత్రి మా ఆవిడకి చదివి వినిపించానండీ. పొయ్యి మీద పప్పు మాడిపోయింది."

"మార్చమంటరా?"

"ఒక్క అక్షరం కూడా ముట్టుకోకండి."

సులోచన ఫోన్ పెట్టేసి మగ్గం దగ్గరికి వెళ్లింది. "ప్రొడ్యూసర్ ఇంట్ల పప్పు మాడిందంట" అంది.

సక్కుబాయి తల ఎత్తలేదు. "మాడాలె మరి" అని, కింది చేత్తో దారం అందుకుంది.